మానవ వ్యక్తిత్వము: మనశ్శాస్త్రజ్ఞుల ముఖ్య సిద్ధాంతములు

మనుష్యుని స్వభావమును గూర్చి మన పెద్దలు పలికిన సామెతలు మూడు మన యిండ్లలో నిత్యము వినబడుచుండును. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అనునది యొకటి. "మొక్కై వంగనిది మానై వంగునా" అనునది రెండవది. "ఆరు నెలలు సహవాసము చేసిన వారు వీరగుదురు" అనునది మూడవది. ఈ మూటిని ఒక్క దినముననే, ఒక్క నోటితోనే పలుకువారును కలరు. కాని యించుక యోచించి చూచినయెడల ఇవి యొకదానితో నొకటి పొసగవు. మొదటి సామెత ప్రకారము స్వభావము జన్మతో వచ్చి మరణముతో పోవును. రెండవదాని ప్రకారము అది బాల్యమునందు వంగి, పిదప గట్టిపడును. మూడవదాని ప్రకారము ఏ వయస్సునందైనను సాంగత్యమును బట్టి మారును. వీనిలో నేది సత్యము?

ఇది కాలక్షేపమునకై వేయు ప్రశ్న కాదు. ఒక తండ్రి తన కుమారుని బంధువుల యెదుట "వీడు వట్టి పిరికివాడు" అని చెప్పునపుడును, ఒక ఉపాధ్యాయుడు విద్యార్థి నడవడిని గూర్చి రిజిస్టరులో ఒక్క మాట వ్రాయునపుడును, ఒక బాలిక "నాకు లెక్కలు రావు, నా తలవ్రాత యింతే" అని పుస్తకము మూసివేయునపుడును, వారు తెలిసియో తెలియకయో పై సామెతలలో నొకదానిని నమ్మియే ఆ పని చేయుచున్నారు. నమ్మిక తప్పైనయెడల నష్టపడువారు పిల్లలు. కావున ఈ విషయమై విద్వాంసులు కనుగొనిన సంగతులను మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియునట్లు సంగ్రహముగా వివరింప నుద్దేశించితిమి.

వ్యక్తిత్వమునకు ఆంగ్లమున వాడు పదము లాటిను భాషలోని "పెర్సోనా" అను మాటనుండి పుట్టినది. నాటకమునందు నటుడు ధరించు ముఖమునకు అనగా మాస్కునకు ఆ పేరు. అయితే శాస్త్రజ్ఞులు వెదకునది పైకి కనబడు ముఖమును మాత్రమే కాదు. అమెరికా దేశీయుడైన గోర్డన్ ఆల్పోర్ట్ 1937 వ సంవత్సరమున ఈ పదమునకు గల నిర్వచనములను ప్రోగుచేయగా అవి సుమారు 50 తేలినవి. మనము వానినన్నిటిని నేర్వనక్కరలేదు. ఒకని తలంపులు, ఉద్వేగములు, నడవడి కలిసి అతనిని ఇతరులనుండి వేరుపరచు తీరును వ్యక్తిత్వమని గ్రహించిన చాలును.

సిద్ధాంతములు సులభముగా బోధపడుటకు మనమొక బాలుని ఊహించుకొందము. అతనికి పండ్రెండేండ్లు. ఇంట పాఠము చక్కగా చదువును. వ్రాతపరీక్షలలో మంచి మార్కులు వచ్చును. కాని తరగతిలో లేచి జవాబు చెప్పుమన్నయెడల నోరు మెదపడు, చెమటలు పోయును. ఇట్టి బాలురు, బాలికలు ప్రతి పాఠశాలయందును కలరు. వీని మౌనమునకు కారణమేమని ఒక్కొక్క శాస్త్రజ్ఞుని అడిగి చూతము.

1. శరీరప్రకృతి వాదము

అన్నిటికంటె ప్రాచీనమైనది ఈ వాదము. గ్రీకు వైద్యుల మతమున శరీరమునందు రక్తము, శ్లేష్మము, పసుపుపచ్చని పిత్తము, నల్లని పిత్తము అను నాలుగు ద్రవములు కలవు. క్రీ.శ. 2 వ శతాబ్దమున రోమునగరమున ప్రసిద్ధి గాంచిన గాలెన్ అను వైద్యుడు ఈ ద్రవముల హెచ్చుతగ్గులకును మనుష్యుల స్వభావములకును సంబంధము కల్పించెను. రక్తము హెచ్చినవాడు ఉల్లాసి. శ్లేష్మము హెచ్చినవాడు మందగామి. పసుపు పిత్తము హెచ్చినవాడు కోపి. నల్లపిత్తము హెచ్చినవాడు విషాది. మన దేశమునందును ఆయుర్వేద గ్రంథములు వాత పిత్త కఫ ప్రకృతులను, సత్త్వ రజస్తమో గుణములను బట్టి మనుష్యులను విభజించినవి. నేటికిని మనము తలతిక్క పనులు చేయువానిని చూచి "వానికి పైత్యము" అనుట ఆ పాత వైద్యపు మాటయే.

ఇరువదవ శతాబ్దమున ఈ వాదము క్రొత్త వేషమున వచ్చినది. అమెరికాలో విలియం షెల్డన్ 1940 ప్రాంతమున వేలకొలది కళాశాల విద్యార్థుల ఛాయాచిత్రములను పరీక్షించి, స్థూలకాయులు భోగప్రియులనియు, కండపుష్టి గలవారు సాహసికులనియు, సన్నని దేహము గలవారు బిడియస్థులనియు చెప్పెను. కాని దేహమును కొలిచినవారే స్వభావమును కూడ నిర్ణయించుటచేత తమ అభిప్రాయమునే తాము మరల కనుగొనిరని ఇతరులు ఆక్షేపించిరి. పిమ్మట జరిగిన పరిశీలనలలో ఆ సంబంధము మిక్కిలి బలహీనమని తేలినది. కావున మన బాలుడు సన్నగానున్నాడు గనుక మాటాడడని చెప్పుట తగదు. అయినను ఈ వాదమునందు ఒక సత్యబీజము లేకపోలేదు. స్వభావమునకు శరీరముతో సంబంధమున్నది. అది ద్రవములందు గాక మెదడునందును, అనువంశికత యందును వెదకదగినది. ఆ సంగతి ముందు చెప్పుదుము.

2. అచేతన మనస్సు: ఫ్రాయిడ్

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1856 వ సంవత్సరమున మొరేవియా ప్రాంతమున జన్మించి, తన జీవితమునందు అధికభాగము వియన్నా నగరమున వైద్యుడుగా గడపెను. నాజీలు ఆ నగరమును ఆక్రమించుకొనగా 1938 లో లండనుకు పోయి, మరుసటి యేట అచ్చటనే మరణించెను. మన మనస్సునందు మనకు తెలిసిన భాగము కొంచెమే గాని తెలియని భాగము మిక్కుటమని ఆయన బోధించెను. ఆ తెలియని భాగమునకు అచేతనమని పేరు.

1923 లో ప్రకటించిన గ్రంథమున ఆయన మనస్సును మూడు శక్తులుగా విభజించెను. మొదటిది అచిత్తు. అది కోరిన వెంటనే కావలెనని మంకుపట్టు పట్టును, మంచిచెడ్డలు ఎరుగదు. రెండవది అధ్యహము. తలిదండ్రుల యొక్కయు సంఘము యొక్కయు నిషేధములు లోన పాతుకొని "తగదు, తగదు" అని గద్దించుచుండు భాగమిది. మూడవది అహము. ఇది ఆ రెంటి నడుమ నిలిచి, లోకపు తీరును కూడ గమనించి, పని చక్కబెట్టవలసియున్నది. ఆ భారము మోయలేనపుడు అహము కొన్ని ఉపాయములు పన్నును. ఈ రక్షణోపాయములను ఫ్రాయిడ్ కుమార్తె యగు అన్నా ఫ్రాయిడ్ 1936 లో విపులముగా వర్ణించినది. మన సామెతలు వీనిని ముందే ఎరుగును. "ఆడలేక మద్దెల ఓడన్నట్లు" అన్నచో అది తన లోపమునకు వేరొక హేతువును కల్పించుకొనుట. "అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు" అన్నచో అది బలవంతునిపై చూపలేని కోపమును బలహీనమైనదానిపై చూపుట.

మన బాలుని మౌనమునకు ఫ్రాయిడ్ చెప్పు కారణమెట్లుండును? శైశవమున ఏదో మాట పలికి కఠినముగా శిక్షింపబడి, ఆ సంగతిని మరచియుండవచ్చును. జ్ఞాపకము పోయినను భయము లోన మిగిలియున్నదని చెప్పును. ఈ సిద్ధాంతమునకు మన దేశమున తొలుత ఆదరణ కలిగించినవాడు గిరీంద్రశేఖర బోసు. ఆయన 1922 లో కలకత్తా నగరమున భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి, ఫ్రాయిడుతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను.

ఫ్రాయిడు మతమును నేటి శాస్త్రజ్ఞులు యథాతథముగా అంగీకరింపరు. ఆయన స్వల్పసంఖ్యాకులైన రోగులను చూచి సమస్త మానవులకును సూత్రములు చెప్పెననియు, వానిలో పెక్కింటిని పరీక్షించి నిజమో కాదో తేల్చుటకు వీలులేదనియు వారి ఆక్షేపణ. అయినను మన చేతల కారణములన్నియు మనకు తెలియవనుటయు, బాల్యానుభవములు చిరకాలము పనిచేయుననుటయు నిలిచియున్నవి.

3. ఆడ్లర్, యూంగ్, ఎరిక్సన్

ఫ్రాయిడ్ సహచరులలో ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ 1911 లో ఆయనను విడిచెను. ఆడ్లర్ బాల్యమున రికెట్స్ అను ఎముకల వ్యాధిచే బాధపడినవాడు. పసివాడు పెద్దల నడుమ తాను చిన్నవాడనని, చేతగానివాడనని అనుకొనుట సహజమనియు, ఆ న్యూనతను జయింపగోరుటయే మనుష్యుని నడపు శక్తి యనియు ఆయన చెప్పెను. పరిహాసము చేతను, అతిగారాబము చేతను ఈ భావము ముదిరినయెడల అది ఆత్మన్యూనతాగ్రంథిగా మారును. మన బాలుడు మాటాడనిది తప్పు చెప్పిన నవ్వుదురను భయముచేత నని ఆడ్లర్ చెప్పును. జ్యేష్ఠుడు, మధ్యముడు, కనిష్ఠుడు అను జననక్రమమును బట్టి స్వభావము ఏర్పడునని కూడ ఆయన మతము. కాని 2015 లో మూడు దేశములకు చెందిన ఇరువదివేలకు మించిన జనులను పరిశీలింపగా, జననక్రమమునకును వ్యక్తిత్వ లక్షణములకును చెప్పుకోదగిన సంబంధము కనబడలేదు.

స్విట్జర్లాండు దేశీయుడగు కార్ల్ యూంగ్ 1921 లో ప్రకటించిన గ్రంథమున మనుష్యులను అంతర్ముఖులనియు బహిర్ముఖులనియు రెండు తెగలుగా చెప్పెను. అంతర్ముఖుని శక్తి తన లోపలి తలంపులవైపు ప్రవహించును. బహిర్ముఖుని శక్తి జనులవైపును వస్తువులవైపును ప్రవహించును. మన బాలుడు అంతర్ముఖుడైనయెడల అతనిలో దోషమేమియు లేదు. అది యొక తీరు. ఈ మాట తలిదండ్రులు గుర్తుంచుకొనదగినది. అయితే జనులలో అధికసంఖ్యాకులు ఈ రెంటి నడుమనే యుందురు. నేడు చరవాణిలో పది ప్రశ్నలడిగి "నీవు ఫలానా తెగవాడవు" అని తీర్పుచెప్పు పరీక్షలు విరివిగా దొరకుచున్నవి. వానిని వినోదముగా తీసికొనవలెనే గాని జాతకముగా నమ్మరాదు.

ఎరిక్ ఎరిక్సన్ 1950 లో ప్రకటించిన గ్రంథమున జీవితమును ఎనిమిది దశలుగా విభజించి, ఒక్కొక్క దశయందు ఒక్కొక్క చిక్కును మనుష్యుడు విడదీసికొనవలెనని చెప్పెను. పండ్రెండేండ్లు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గల దశలోని చిక్కు "నేనెవరను?" అనునది. మా ఉన్నత పాఠశాల విద్యార్థులందరు ఆ దశయందే యున్నారు. ఒకనాడు పాటకుడు కావలెననియు, మరునాడు సైనికుడు కావలెననియు తోచుట చపలత్వము కాదు, అన్వేషణము. ఎరిక్సన్ భారతదేశమునకు వచ్చి, 1918 లో అహమదాబాదు మిల్లు కార్మికుల సమ్మెను గాంధీగారు నడపిన తీరును పరిశోధించి 1969 లో ఒక గ్రంథము వ్రాసెను. వ్యక్తిత్వము బాల్యముతో ముగియక నడివయస్సున గూడ రూపొందుచుండుననుటకు ఆ గ్రంథము నిదర్శనము.

4. ప్రవర్తనా వాదము

లోపలి మనస్సును ఎవరును చూడలేరు గనుక కంటికి కనబడు నడవడినే పరిశోధింపవలెనని 1913 లో జాన్ వాట్సన్ ప్రకటించెను. అంతకు ముందే రష్యాలో పావ్లోవ్ అను శాస్త్రజ్ఞుడు, ఆహారము పెట్టుటకు ముందు ప్రతిసారి ఒక శబ్దము చేసినచో కొంతకాలమునకు ఆ శబ్దమునకే కుక్క నోట లాలాజలము ఊరునని చూపియుండెను. 1920 లో వాట్సన్, రోసలీ రేనర్ అను నామె కలిసి పదునొకండు నెలల పసివానికి తెల్లని ఎలుకను చూపి, వాడు దానిని తాకబోవునపుడెల్ల వెనుక ఇనుపకడ్డీపై సుత్తితో పెద్ద చప్పుడు చేసిరి. మొదట ఎలుకకు భయపడని పసివాడు కొలది దినములలో దానిని చూచినంతనే ఏడ్వసాగెను. పిదప కుందేలును చూచినను బెదరెను. ఆ భయమును పోగొట్టకయే పసివానిని పంపివేసిరి. నేడు ఇట్టి ప్రయోగమును ఏ శాస్త్రసంఘమును అనుమతింపదు. కాని దానినుండి ఉపాధ్యాయులు నేర్వవలసినది కలదు. లెక్కల పాఠమును బెత్తముతో జతపరచినయెడల పిల్లవాడు నేర్చునది లెక్కలు కాదు, లెక్కలయెడ భయము.

బి. ఎఫ్. స్కిన్నర్ (1904–1990) ఇంకొక మెట్టు ముందుకు పోయెను. ఏ పనికి సత్ఫలితము కలుగునో ఆ పని మరల చేయబడునని ఆయన ఎలుకలతోను పావురములతోను చూపెను. దీనికి పునర్బలనమని పేరు. మన బాలుడు ఒకసారి జవాబు చెప్పినపుడు తరగతి నవ్వినది; ఊరకున్నపుడు ఎవరును నవ్వలేదు. కావున ఊరకుండుటయే అతనికి లాభకరమైనది. ఇంత చిన్న లెక్కలో ఎంత పెద్ద అలవాటు పుట్టునో చూడుడు.

ఆల్బర్ట్ బండూరా (1925–2021) శిక్ష గాని బహుమానము గాని లేకున్నను పిల్లలు చూచి నేర్తురని నిరూపించెను. 1961 లో ప్రకటింపబడిన ఆయన ప్రయోగమున 72 మంది చిన్నపిల్లలు పాల్గొనిరి. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి కొట్టి తిట్టుట చూచిన పిల్లలు, తమకు అవకాశము దొరికినపుడు అట్లే కొట్టి, ఆ తిట్లే తిట్టిరి. ఇంట పెద్దలు పలుకు మాటలు పిల్లల నోట వినబడుటకు వేరొక కారణము వెదకనక్కరలేదు. "నేనీ పని చేయగలను" అను నమ్మకమే పనికి సగము బలమనియు, అట్టి నమ్మకము చిన్న చిన్న విజయములచేత పెరుగుననియు కూడ ఆయన బోధించెను.

5. మానవతా వాదము

అచేతన శక్తులు గాని అలవాట్లు గాని మనుష్యుని బొమ్మవలె ఆడించునని చెప్పుట కొందరికి సరిపడలేదు. అబ్రహాం మాస్లో 1943 లో మనుష్యుని అవసరములను మెట్లుగా పేర్చెను. ఆకలిదప్పులు, భద్రత, ప్రేమ, గౌరవము అనునవి క్రింది మెట్లు. తనలోని శక్తిని సంపూర్ణముగా వికసింపజేసికొనుట పైమెట్టు. ఈ మెట్లు ఆయన చెప్పిన వరుసనే ఎల్లరియందును పనిచేయునని తరువాతి పరిశోధనలు నిరూపింపలేదు. పస్తులుండి పద్యము చెప్పిన కవులు మన భాషలోనే కలరు గదా. అయినను ఆకలితో వచ్చిన పిల్లవానికి వ్యాకరణము తలకెక్కదను సంగతి ప్రతి ఉపాధ్యాయుడును ఎరుగును.

కార్ల్ రోజర్స్ (1902–1987) చరిత్ర మా పాఠకులకు ఆసక్తి కలిగింపవచ్చును. ఆయన తొలుత వ్యవసాయశాస్త్రము చదివి, 1922 లో ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల మహాసభకై చీనా దేశమునకు పోయి వచ్చి, రెండేండ్లు దైవశాస్త్ర పాఠశాలయందు చదివి, పిమ్మట మనశ్శాస్త్రమునకు మరలెను. రోచెస్టర్ నగరమున పండ్రెండేండ్లు కష్టములకు గురియైన పిల్లల నడుమ పనిచేసెను. షరతులు పెట్టని ఆదరణ దొరికినచోట మనుష్యుడు తనంతట తాను సరియైన దిక్కునకు పెరుగునని ఆయన సిద్ధాంతము. "మొదటి ర్యాంకు తెచ్చినచో నిన్ను ప్రేమింతుము" అని వినుచు పెరిగిన పిల్లవాడు తన నిజస్వరూపమును దాచుకొని, ఇతరులు కోరిన వేషమును ధరించును. పిల్లవాని తప్పును ఖండింపవలెను గాని పిల్లవానిని త్రోసివేయరాదు. మన బాలునికి కావలసినది గద్దింపు కాదు, భయములేని అవకాశమని రోజర్స్ చెప్పును.

6. లక్షణ వాదము

పై సిద్ధాంతములు వ్యక్తిత్వమెట్లు ఏర్పడునో చెప్పజూచినవి. దానిని కొలుచుట ఎట్లు? మనుష్యుల నడుమ గల ముఖ్యభేదములన్నింటికి భాషలో మాటలు పుట్టియుండునను తలంపుతో ఆల్పోర్టును, ఆడ్‌బర్టును ఒక పెద్ద ఆంగ్ల నిఘంటువును శోధించి, 1936 లో 17,953 పదములను ఏరిరి. రేమండ్ కాటెల్ వానిని గణితసహాయముతో గుంపులు చేసి 16 లక్షణములుగా తేల్చెను. హాన్స్ ఐజెంక్ 1947 నాటి గ్రంథమున రెండు లక్షణములతోనే పని జరుగుననెను. 1961 లో అమెరికా వైమానిక దళమునకు చెందిన ట్యూప్స్, క్రిస్టల్ అను పరిశోధకులు ఐదు లక్షణములు మరల మరల తేలుచున్నవని గమనించిరి. పిమ్మట ఇతరులును దానిని స్థిరపరచిరి.

ఆ యైదు లక్షణము లివి: క్రొత్త విషయములయెడ మనస్సు తెరచియుండుట, కర్తవ్యనిష్ఠ, బహిర్ముఖత్వము, సౌమనస్యము, ఉద్వేగములకు త్వరగా లోనగుట. ఇవి ఐదు పెట్టెలు కావు, ఐదు కొలబద్దలు. ప్రతి మనుష్యుడును ప్రతి కొలబద్దమీద ఎక్కడనో యొకచోట నుండును. వీనిలో చదువునందలి మార్కులతో ఎక్కువ సంబంధము గలది కర్తవ్యనిష్ఠ యని పెక్కు పరిశీలనలు చూపినవి. మన బాలుడు బహిర్ముఖత్వమున తక్కువగాను, కర్తవ్యనిష్ఠయందు ఎక్కువగాను ఉన్నాడని ఈ వాదులు చెప్పుదురు.

7. సందర్భము యొక్క బలము

ఇంతవరకు మన బాలుని గూర్చి ఒక సంగతి చెప్పలేదు. ఆ బాలుడే సాయంకాలము చెడుగుడు ఆడునపుడు అతని కేక వీధి చివరకు వినబడును. జట్టును పిలిచి వ్యూహము చెప్పువాడు అతడే. అట్లైన అతడు మౌనియా, వాచాలుడా?

ఈ ప్రశ్నకు బలమైన సాక్ష్యము పాఠశాలలనుండియే వచ్చినది. 1928 లో హార్ట్‌షోర్న్, మే అను పరిశోధకులు అమెరికాలో సుమారు పదివేలమంది పిల్లల నిజాయితీని తరగతిలోను, ఆటలలోను, ఇంటిపనిలోను రహస్యముగా పరీక్షించిరి. ఒకచోట మోసగించిన పిల్లలు వేరొకచోట నిజాయితీగా నడచుకొనిరి. "నిజాయితీపరులు", "మోసగాండ్రు" అని పిల్లలను రెండు వరుసలుగా నిలబెట్టుటకు వీలులేకపోయినది. 1968 లో వాల్టర్ మిషెల్ ఇట్టి పరిశోధనలను కూర్చి, ఒక్క లక్షణమును బట్టి ఒక్క సందర్భమునందలి నడవడిని ముందుగా చెప్పుట మిక్కిలి కష్టమని వాదించెను.

దీనిపై చాలకాలము తర్కము జరిగినది. తుదకు ఒక సమాధానము కుదిరినది. ఒక్కనాటి ఒక్క పనిని చూచి మనుష్యుని చెప్పలేము; కాని అనేక దినముల, అనేక సందర్భముల నడవడిని కూడి సగటు చూచినయెడల స్థిరమైన తీరు కనబడును. అంతేగాక, సందర్భమును బట్టి మారుటలో కూడ ఒక్కొక్కనికి ఒక్కొక్క క్రమము కలదు. మన బాలుడు ఎల్లప్పుడును మౌని కాడు. "అందరు తననే చూచుచున్నపుడు మౌని, జట్టుతో కలిసినపుడు నాయకుడు" అనునది అతని క్రమము. ఇట్లు చెప్పినపుడు మాత్రమే అతనిని మనము ఎరిగినట్లు.

8. పుట్టుకయా, పెంపకమా?

ఇప్పుడు మొదటి సామెతకు వత్తము. 1979 లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున బుషార్డ్ అను శాస్త్రజ్ఞుడు, పసితనముననే వేరుపడి వేర్వేరు కుటుంబములలో పెరిగిన కవలలను పరీక్షించుట ప్రారంభించెను. ఆ పరిశోధనయు, అట్టి యితర పరిశోధనలును కలిపి చూడగా, వ్యక్తిత్వ లక్షణములందు జనుల నడుమ కనబడు భేదములలో సుమారు నూటికి 40 మొదలు 50 వంతుల వరకు అనువంశికతచే కలుగుచున్నవని తేలినది. ఈ మాటను సరిగా గ్రహింపవలెను. ఒక్కొక్క మనుష్యునిలో సగము పుట్టుక, సగము పెంపకము అని దీని యర్థము కాదు. జనసమూహమునందలి భేదములకు మాత్రమే ఈ లెక్క వర్తించును. మిగిలిన సగము పరిసరముల వలనను, ఒక్కొక్కరి ప్రత్యేకానుభవముల వలనను కలుగును.

ఇక రెండవ సామెత. విలియం జేమ్స్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు 1890 లో, ముప్పదియేండ్లు వచ్చుసరికి మనుష్యుని స్వభావము గట్టిపడిపోవునని తలంచెను. కాని ఒక్కరినే ఏండ్ల తరబడి మరల మరల పరీక్షించిన 92 పరిశీలనలను 2006 లో ఒకచోట చేర్చి చూడగా, యౌవనము మొదలు నడివయస్సువరకు జనులలో కర్తవ్యనిష్ఠయు, ఉద్వేగ స్థిరత్వమును సగటున పెరుగుచున్నవని తేలినది. కావున మానై వంగుట కష్టమే గాని అసాధ్యము కాదు. మూడవ సామెతకు బండూరా సాక్ష్యము పలికియే యున్నాడు. మూడు సామెతలందును కొంత కొంత సత్యము కలదు; ఏ యొక్కదానినైనను సంపూర్ణ సత్యమని పట్టుకొనుటయే తప్పు.

9. మనము చేయవలసినది

ఉపాధ్యాయులకు: పిల్లవానికి పేరు పెట్టుటకు బదులు చూచినదానిని వ్రాయుడు. "పిరికివాడు" అను మాట ఒక తీర్పు. దానిపై పిల్లవాడు అప్పీలు చేసికొనలేడు. "తరగతి యెదుట నిలిచి మాటాడుటకు జంకును, చిన్న గుంపులో చక్కగా మాటాడును" అని వ్రాసినచో అందులోనే చికిత్స కూడ కలదు. మొదట ఇద్దరి నడుమ, పిదప నలుగురి నడుమ, తుదకు తరగతి యెదుట అతనిచే పలికింపుడు. ఎవరైనను నవ్వినచో నవ్వినవారిని వారింపుడు.

తలిదండ్రులకు: అన్నను చూపి తమ్ముని తూచకుడు. ఒకే తల్లి బిడ్డలు సయితము ఒకే కొలబద్దమీద ఒకే చోట నుండరు. మీ యింట పిల్లలు వినవలెనని మీరు కోరు మాటలను మీరు ముందు పలుకుడు. మార్కులు తగ్గిననాడు కూడ అన్నము వడ్డించు చేతిలో మార్పు కనబడనీయకుడు.

విద్యార్థులకు: "నా స్వభావమింతే" అను మాట వినయముగా తోచును గాని, అది నిరూపింపబడని సిద్ధాంతము. మీ స్వభావమునందు కొంత మీకు పుట్టుకతో వచ్చినది, దానికి సిగ్గుపడనక్కరలేదు. కొంత అలవాటుచే వచ్చినది. దానిని అలవాటుచేతనే మార్చుకొనవచ్చును. తోటివానికి మీరు పెట్టిన ఎగతాళి పేరు వాని వెంట చాలకాలము నడచును. కావున దానిని నేడే విడిచిపెట్టుడు.

అభ్యాసము

(1) మనుష్యుల స్వభావమును తెల్పు తెలుగు మాటలను (ముక్కోపి, నెమ్మదస్తుడు, గడుసరి, మొండి, సోమరి వంటివి) ఏబదింటిని ప్రోగుచేసి, పైన చెప్పిన ఐదు లక్షణములలో ఏది దేనిక్రిందికి వచ్చునో విభజింపుడు. దేనికిని చేరనివి మిగిలినచో వానిని వేరుగా వ్రాయుడు.

(2) మీరు ఏయే చోట్ల ధైర్యముగాను, ఏయే చోట్ల జంకుతోను ఉందురో ఒక వారము దినములు గమనించి వ్రాసికొనుడు. ఆ చోట్ల నడుమ భేదమేమి?

(3) రక్షణోపాయములను తెల్పు సామెతలను మీ యింటి పెద్దల నడిగి ఇంకను రెండు సంపాదింపుడు.